హెర్లిండా చూసిన బీచ్ సినిమా

హెర్లిండా ఒల్గిన్ మాట్లాడుతుంటే చేపల్ని డబ్బాలకెత్తే ఫ్యాక్టరీ, అంటే క్యానరీ, పెట్టే కూత కూడా వినపడదని సాన్ పెడ్రో రేవులో అనుకునేవాళ్లు. పద్నాలుగో ఏట ట్యూనా చేపల బల్ల ముందు నిలబడింది. బడి అక్కడితో సరి. ఇంగ్లీషు చదవడం డబ్బాలకు అంటించే కాగితాలు చూసి నేర్చుకుంది. రాయడం యూనియన్ ఆఫీసులో పాత టైపు మిషను మీద నేర్చుకుంది. పోట్లాడటం మాత్రం ఎవరూ నేర్పలేదు. ఆ వేసవికి ఆమెకు నలభై దాటాయి. సెయింట్ ఎల్మో క్యానరీలో ఆడవాళ్ల తరఫున మేనేజర్ గది తలుపు తోసుకుని వెళ్లేది ఆమే. స్పానిష్ తప్ప మరో ముక్క రానివాళ్ల మాటను మిగతావాళ్లకు చేరవేసేదీ ఆమే.

అలాంటి మనిషి, కుర్రాళ్లూ పిల్లలూ సముద్రపు ఒడ్డున ఆడిపాడే బీచ్ సినిమాల మీద విరుచుకుపడుతుంటే రేవంతా తల ఊపింది.

"పొద్దస్తమానం ఆ ఇసుక మీద గెంతుతారు గదా, ఆ ఇసుక ఊడ్చేదెవరే?" అని భోజనాల వేళ పెట్టె ఎక్కి అడిగేది. "సాసేజ్ రొట్టెలు తింటారు. కాల్చిందెవరు? వాళ్ల అమ్మలు ఏ షిఫ్టుకి పోయారు? మనలాంటి మొహం ఒక్కటైనా కనపడిందా ఆ తెర మీద? పిల్లల బుర్రల్లో పంచదార పాకం పోస్తున్నారు, అంతే."

"మా పిల్ల సినిమాకి పంపకపోతే తిండి మానేస్తానంటోంది," అంది చెలో. చెలో బల్లకి అవతలి వైపు నిలబడి చేప ఒలిచే మనిషి. చేతిలో కత్తి మొద్దుబారినా నోట్లోది మొద్దుబారదు.

"మానేయనీ. సాయంత్రానికి ఆకలే దాన్ని దారిలో పెడుతుంది."

"నీకు పిల్లల్లేరు కాబట్టి సరిపోయింది. ఉంటే ఈపాటికి నిన్నే దారిలో పెట్టేవాళ్లు."

ఆడవాళ్లు నవ్వారు. హెర్లిండా కూడా నవ్వింది.

అసలు గొడవ సినిమాతో మొదలు కాలేదు, స్టానా మారినోవిచ్‌తో మొదలైంది. స్టానా ముసలావిడ. సముద్రాల అవతలి డాల్మేషియా తీరం నుంచి పెళ్లికూతురుగా వచ్చింది. మొగుడు వలలతో పాటు నీళ్లలో కలిసిపోయాక క్యానరీలో చేరింది. రేవులో చిన్నా పెద్దా ఆమెను తేతా అంటారు, అత్తా అన్నట్టు. జూన్‌లో ఒక రోజు షిఫ్టు దిగేసరికి కాళ్లు వాచిపోయి, లోపల చల్లగా ఉంటుందని దారిలో ఉన్న ట్రిటన్ సినిమా హాల్లోకి వెళ్లింది. టార్చిలైటు కుర్రాడు ఆమెను చివరి వరుసకు తీసుకెళ్లాడు. ఆ వరుస సీట్ల మీద కొత్తగా రబ్బరు గుడ్డ పరిచారు. చేపల కంపు సీట్లకు అంటకుండా, క్యానరీ ఆడవాళ్లకట. తేతా కూర్చోనంది. మేనేజర్ హాల్‌స్టెడ్ వచ్చాడు.

"అమ్మా, మిగతావాళ్లు గాలి పీల్చుకోవాలి గదా," అన్నాడు. గట్టిగానే అన్నాడు. ముందు వరుసల్లో కొందరు నవ్వారు.

తేతా ఈ సంగతి ఎవరికీ చెప్పలేదు. మర్నాడు బల్ల దగ్గరకి వచ్చినప్పుడు ఆమె చేతులు మోచేతుల దాకా తోలు లేచి ఎర్రగా ఉన్నాయి. రాత్రి బట్టలు తెల్లబరిచే మందు పోసి, గచ్చు తోమే బ్రష్షుతో రుద్దుకుందట. హెర్లిండా ఆ చేతులు పట్టుకుని విషయమంతా కక్కించింది.

ఆ సాయంత్రమే తీర్మానమైంది. రబ్బరు గుడ్డ తీసేదాకా, తేతాకి హాల్‌స్టెడ్ అందరి ముందూ క్షమాపణ చెప్పేదాకా, క్యానరీ మనిషి గానీ, ఆ ఇంటి పిల్లలు గానీ ట్రిటన్ గడప తొక్కకూడదు. శనివారాలు హాలు ముందు నినాదాలు రాసిన అట్టలు పట్టుకుని నిలబడ్డారు. కరపత్రం హెర్లిండాయే రాసింది. తన ఇంగ్లీషు మీద ఆమెకు గర్వం. ఇంగ్లీషులోనే రాసి వదిలేసింది. మొదటి వాక్యమే ఇది: చెత్త చూడటానికి మనం పరువు పోగొట్టుకోవాలా?

మాట పనిచేసింది. తేతా వైపు స్లావ్‌లు మానేశారు, ఇటాలియన్లు మానేశారు, మెక్సికన్ వీధులన్నీ మానేశాయి. శనివారం సాయంత్రాలు ట్రిటన్ వెలవెలబోయింది. జూలై చివరికి హాల్‌స్టెడ్ దిగొచ్చి, వచ్చే వారం కూర్చుని మాట్లాడుకుందామని కబురు పంపాడు.

సరిగ్గా ఆ కబురొచ్చిన వారమే కొత్త బీచ్ సినిమా ట్రిటన్‌కి వచ్చింది.

రేవులో ఒక్క ప్రాణికీ తెలియని సంగతి ఇప్పుడు చెప్పాలి. హెర్లిండాకు బీచ్ సినిమాలంటే పిచ్చి. కిందటి వేసవిలో పక్క ఊరు లాంగ్ బీచ్‌లో పన్ను పీకించుకుని, దవడ సలుపుతుంటే నీడకోసం పక్కనున్న హాల్లోకి దూరింది. తెర మీద బట్టలు సగం కూడా లేని పిల్లలు ఉన్నారు. తిట్టుకోవడానికే కూర్చుంది. దవడ నొప్పి ఎప్పుడు పోయిందో తెలియలేదు. బయటికొచ్చి బస్సు స్టాపులో నిలబడి తనలో తాను సిగ్గుపడింది. మరుసటి వారం ఇంకో పన్ను నొప్పి అని చెప్పి మళ్లీ వెళ్లింది.

ఏముంది ఆ సినిమాల్లో? ఏమీ లేదు. ఉన్నదే అది. ఆమె పుట్టింది సముద్రం ఒడ్డున, బతికింది సముద్రం మీద. కానీ ఆమె ఎరిగిన సముద్రం పనిచోటు. అది డీజిలు కంపు కొడుతుంది, మనుషుల్ని మింగుతుంది, చేపలు లేవంటే జీతం లేదంటుంది, ఉన్నాయంటే ఏ వేళప్పుడైనా కూతపెట్టి మంచం మీంచి లాగుతుంది. తెర మీద అదే సముద్రం, అదే ఎండ. కానీ దాన్ని ఎవరూ దేనికీ వాడుకోవడం లేదు. ఒక కుర్రాడు పొడుగాటి చెక్క పలక మీద నిలబడి అల మీంచి జారి ఒడ్డుకొస్తాడు. మళ్లీ లోపలికి పోతాడు. మళ్లీ జారతాడు. దానివల్ల ఒక్క డబ్బా కూడా నిండదు. పిల్లలు అలుగుతారు, పాడతారు, బుర్ర లేని మోటారు సైకిలు రౌడీ ఒకడు ఇసుకలో తలకిందులుగా కూరుకుపోతాడు. ఎవరూ చావరు. ఎవరికీ రేపు లేదు. ఏమీ జరగని మధ్యాహ్నం ఒకటుంటుందని, దాన్ని కొందరు ఊరికే ఖర్చుపెట్టేసుకుంటారని హెర్లిండాకు అంతకుముందు తెలియదు. పద్నాలుగేళ్లకి తన చేతిలో కత్తి పెట్టినప్పుడు తన దగ్గర్నుంచి లాక్కున్నది ఏమిటో, దాని పొడవూ వెడల్పూ ఎంతో, ఆ చెత్త సినిమాలే ఆమెకు చూపించాయి. కోపం రావాలి నిజానికి. రాలేదు. నోరు తెరుచుకుని చూసింది.

ఆ కొత్త సినిమా లాంగ్ బీచ్‌లో అప్పటికే ఆడి వెళ్లిపోయింది. ట్రిటన్‌లోనూ గురువారంతో సరి. ఆ మంగళవారం పడవలు రాలేదు. మధ్యాహ్నానికే పని అయిపోయింది.

ఇంటికెళ్లి నిమ్మకాయతో, వెనిగర్‌తో తల నుంచి కాళ్ల దాకా తోముకుంది. చనిపోయిన చెల్లెలి సెంటు సీసా తీసింది. చేతులకు తొడుగులు, కళ్లకు నల్లద్దాలు, ఎవరి పెళ్లికో కొన్న పచ్చ టోపీ. అద్దంలో చూసుకుంటే ఎవరో బీమా కంపెనీ గుమస్తా పెళ్లాంలా ఉంది. ఇంత తయారైన మనిషికి తాను చేస్తున్నదేమిటో తెలియదనుకోవడానికి లేదు. తెలుసు. ఒక్కసారే కదా అనుకుంది. హాల్‌స్టెడ్ ఎలాగూ దిగొచ్చాడు కదా అనుకుంది. సమ్మె వేళ ఫ్యాక్టరీ గేటు దగ్గర లోపలికి దూరే దొంగ కూలీలందరూ ఇవే రెండు మాటలు అనుకుంటారు. వాళ్ల మొహాన ఉమ్మిన మనిషి ఆమె.

దీపాలు ఆర్పాక లోపలికెళ్లి మధ్య వరుసలో కూర్చుంది. జనం పలచగా ఉన్నారు. తెర వెలిగింది, గిటారు మోగింది, ఆమె భుజాలు దిగాయి.

చిప్ అనే కుర్రాడు. పెన్నీ అనే పిల్ల. ఇద్దరికీ ఒకరంటే ఒకరికి ప్రాణం, పైకి మాత్రం మాటలు లేవు, ఎందుకు లేవో వాళ్లకే తెలియదు. పెన్నీకి డబ్బున్న పిన్ని ఒకతి. ఈ పనికిమాలినవాళ్ల మధ్య పిల్ల చెడిపోతోందని తీసుకుపోవడానికి తెల్లటి పడవలో వచ్చింది. పిల్లలంతా ఇసుకలో దాక్కున్నారు. పిన్ని పడవ కూత పెట్టింది.

రేవులో ప్రతి క్యానరీకీ తనదైన కూత ఉంటుంది. పడవలొచ్చాయంటే ఏ క్యానరీ వాళ్లు ఆ కూతకి లేస్తారు. స్నానంలో ఉన్నా, ప్రార్థనలో ఉన్నా, మొగుడితో తగువులో ఉన్నా ముందు కాళ్లు లేస్తాయి, బుర్ర తర్వాత లేస్తుంది. సెయింట్ ఎల్మోది బొంగురుగా మొదలై చివర్లో మేకలా వణుకుతుంది. ఆ సినిమా వాళ్లు శబ్దం ఎక్కడ పట్టారో ఏమో, పిన్ని పడవ బొంగురుగా మొదలై చివర్లో మేకలా వణికింది.

హెర్లిండా లేచి నిలబడింది.

అదే వరుసలో, నడవాకి అవతల, ఇంకొకతి లేచి నిలబడింది. తలకు రుమాలు, కోటు కింద క్యానరీలో తొడిగే తెల్ల గౌను అంచు. ఎల్వీరా. సరిహద్దు అవతల గ్వాయ్‌మాస్ నుంచి వచ్చి నెల కూడా కాని పిల్ల, ఇరవై ఏళ్లుంటాయేమో, వేరే బల్ల దగ్గర పనిచేస్తుంది. ఇంగ్లీషు అక్షరం రాదు, కరపత్రంలో ఏముందో తెలియదు. ఆ పిల్ల పచ్చ టోపీ వైపు చూసింది. కొత్త ఊళ్లో మనవాళ్లెవరో దొరికినట్టు నవ్వింది.

హెర్లిండా కూర్చుంది.

తెర వెలుగులో ఎల్వీరా ఒక్కతే మిగిలింది. వెనకనుంచి ఎవడో "కూర్చోవే చేపా" అన్నాడు. నవ్వులు. టార్చి వచ్చింది, దాని వెలుగు తెల్ల గౌను మీద పడింది, టార్చి పట్టుకున్న కుర్రాడు ముక్కు చిట్లించాడు.

"నీ చోటు ఇది కాదు. వెనక్కి పద. రబ్బరు వరుస."

ఎల్వీరాకు అర్థం కాలేదు. టికెట్టు చూపించింది. వాడు మోచెయ్యి పట్టుకున్నాడు.

"ఏమంటున్నాడు ఇతను?" అంది ఎల్వీరా స్పానిష్‌లో, చుట్టూ చూస్తూ. గొంతు పెద్దది చేయలేదు. "ఎవరైనా కాస్త చెప్పండి. నేనేం చేశాను?"

ఆ హాల్లో రెండు భాషలూ వచ్చిన మనిషి ఉంది. రేవు మొత్తానికీ మాట చేరవేసే మనిషి నడవాకి ఇవతలే ఉంది. ఆ మనిషి టోపీ అంచు కిందికి లాక్కుని తెర వైపు చూసింది. అడుగుల చప్పుడు వెనక్కి పోయింది, రబ్బరు వరుస దగ్గర కూడా ఆగలేదు. బయటి తలుపు తెరుచుకుని మూసుకుంది.

లేచి వెళ్లిపోయి ఉంటే కొంతలో కొంత నయం. హెర్లిండా వెళ్లలేదు. చిప్ ఏం చేస్తాడో చూడాలి. ఆఖరిదాకా కూర్చుంది.

మర్నాడు పొద్దున్నే సెయింట్ ఎల్మో కూత పెట్టింది, ఈసారి నిజం కూత. పడవలు నిండుగా వచ్చాయి. మనుషులు చాలక, బల్లలు కాచే ఫోర్‌లేడీ అవతలి బల్లల నుంచి కొందరిని ఇటు తోలింది. ఎల్వీరా వచ్చి హెర్లిండా పక్కన నిలబడింది. ఉడికిన చేపలు ఆవిర్లు కక్కుతూ పళ్లేల్లో వస్తున్నాయి. చర్మం గీకాలి, ముల్లు తీయాలి, ఎర్ర కండ పిల్లుల డబ్బాకి, తెల్ల కండ మనుషుల డబ్బాకి. అవతలి వైపు చెలో, చెలో పక్కన తేతా.

హెర్లిండా తల ఎత్తలేదు. పిల్ల గుర్తుపట్టలేదేమో. టోపీ ఉంది, అద్దాలున్నాయి.

"దోన్యా," అంది ఎల్వీరా మెల్లగా, స్పానిష్‌లో, పెద్దవాళ్లతో మాట్లాడే మర్యాదతో. "చివరికి ఏమైందండీ?"

"దేని చివర?"

"సినిమాదండీ. ఆ పిన్ని పిల్లని తీసుకుపోయిందా? నన్ను పంపించేశారు గదా, నేను చూడలేదు."

చెలో కత్తి ఆగింది. చెలోకి రెండు భాషలూ వచ్చు.

"ఏ సినిమా? నేనెందుకెళ్తాను సినిమాకి? ఎవర్ని చూసి ఎవరనుకున్నావో," అంది హెర్లిండా.

ఎల్వీరా ఒక క్షణం ఆమె మొహంలోకి చూసింది. తర్వాత ఎంతో మర్యాదగా తల వంచుకుంది. "అయితే పొరపాటు పడ్డానండీ. చీకటి గదా. ఆ కూతకి మనవాళ్లే లేస్తారు గదా అని అనుకున్నాను. క్షమించండి."

పిల్ల క్షమాపణ చెప్పింది. హాల్‌స్టెడ్ నోటి నుంచి రావాల్సిన మాట ఆ పిల్ల నోటి నుంచి వచ్చింది.

తేతాకి స్పానిష్ రాదు. "ఏమంటోంది ఆ కొత్త పిల్ల?" అంది, ఎప్పుడూ అడిగినట్టే హెర్లిండాని. "మొహం చిన్నబుచ్చుకుంది. ఎవరైనా ఏమైనా అన్నారా?"

"భోజనం గంట ఎప్పుడని అడుగుతోంది తేతా."

ఇన్నేళ్లలో హెర్లిండా ఒకరి మాటను మార్చి చెప్పడం అదే మొదలు. ఫోర్‌మన్ బూతులు తిడితే బూతులే చేరవేసింది. మేనేజర్ బెదిరిస్తే బెదిరింపునే అచ్చంగా ఒప్పజెప్పింది. మాట మార్చను కాబట్టే ఈ రేవు నన్ను నమ్ముతుందని యూనియన్ సభలో గుండె మీద గుద్దుకుని చెప్పిన మనిషి.

చెలో ఆమె వైపే చూస్తోంది. వెక్కిరిస్తుందనుకుంది హెర్లిండా. వెక్కిరించలేదు. చెలో కళ్లు దించుకుని చేప గీకడం మొదలుపెట్టింది. చెలో నోరు మూసుకుంది. ఎవరి కోసమూ మూసుకోని ఆ నోరు తనకోసం మూసుకుంది. అది చూశాక హెర్లిండా కత్తి కింద పెట్టింది.

"తేతా," అంది. "భోజనం గంట గురించి కాదు. సినిమా చివరికి ఏమైందని అడుగుతోంది. నిన్న ట్రిటన్‌లో నన్ను చూసింది."

తేతా ఒక్కసారికి అందుకోలేదు. "దారిలోనా?"

"లోపల. బీచ్ సినిమాకి వెళ్లాను."

బల్ల చుట్టూ కత్తులు ఆగాయి. వెనక బల్ల వాళ్లు కూడా తిరిగారు. చేపల పళ్లేలు మోసుకొచ్చే పట్టా మాత్రం ఆగలేదు, అది ఎవరి కోసమూ ఆగదు.

"అందుకేనా నిన్న సెంటు కంపు," అంది చెలో, ఎలాగైనా నవ్వించాలని. "మీ వీధి మొగాళ్లంతా కొత్తావిడెవరో దిగిందని సంబరపడ్డారు."

ఎవరూ నవ్వలేదు. తేతా చెయ్యి తుడుచుకుంది.

"ఆ పిల్ల అడిగింది గదా," అంది. "చెప్పు మరి. నేనూ వింటాను."

అలా చెప్పాల్సి వచ్చింది. ఒక ముక్క స్పానిష్‌లో, ఒక ముక్క ఇంగ్లీషులో. మొదట నాలుక తడబడింది. చిప్, పెన్నీ, పలకలు, అలలు. తర్వాత జరిగింది ఇంకా సిగ్గుచేటు. ఆమె బాగా చెప్పింది. సభలో మాట్లాడే గొంతే దీనికీ పనికొచ్చింది. రౌడీ మోటారు సైకిలుతో సహా ఇసుకలో దిగబడ్డ చోట చెలో పగలబడి నవ్వింది. ఎవరో ఆ పిల్ల ఏ రంగు బట్ట కట్టిందని అడిగారు. పసుపు, తెల్ల చుక్కలు అంది హెర్లిండా. నీళ్లలోంచి వచ్చాక జుట్టు అతుక్కుపోలేదా అని అడిగారు. లేదు, అస్సలు తడవదు అంది. ఆహా అన్నారు. వారాలుగా పిల్లల్ని తిట్టి, కొట్టి, బతిమాలి ఆపుకున్న తల్లులు వాళ్లు. అట్టలు పట్టుకుని నిలబడి, లోపల్నుంచి పాట సన్నగా వినపడుతుంటే కళ్లు పక్కకి తిప్పుకున్నవాళ్లు. ఆకలిగా విన్నారు. తేతా కూడా వింటోంది.

"పిన్ని పడవలో వచ్చింది. కూత పెట్టింది. అచ్చం మన కూత."

"అయితే?" అంది తేతా.

"లేచి నిలబడ్డాను."

గట్టిగా నవ్వారు అందరూ. ఆ నవ్వులో ఏ విషమూ లేదు. ప్రతి ఒక్కతీ తానైనా లేచేదాన్నే అనుకుంది. ఎల్వీరా కూడా, ఇంగ్లీషు ముక్క అర్థం కాకపోయినా, ఏ చోటికొచ్చిందో పసిగట్టి నవ్వింది.

"ఈ పిల్ల కూడా లేచింది. నేను కూర్చున్నాను. ఈ పిల్ల నిలబడే ఉంది. ఆ టార్చి వెధవ వచ్చి రబ్బరు వరుసకి పొమ్మన్నాడు. దీనికి అర్థం కాలేదు. ఏమంటున్నాడని అడిగింది. చెప్పేవాళ్లు లేకపోయారు."

"నువ్వున్నావు గదా," అంది తేతా.

"ఉన్నాను."

నవ్వులు ఒక్కొక్కటే ఆగిపోయాయి. ఫోర్‌లేడీ దూరం నుంచి ఏదో అరిచింది. కత్తులు మళ్లీ కదిలాయి. తేతా ఒక చేప మొత్తం ఒలిచింది. తర్వాత, తల ఎత్తకుండా, "ఎలా ఉంది సినిమా?" అంది.

"ఏంటి తేతా?"

"బాగుందా, లేదా?"

అబద్ధం చెప్పడానికి ఇంకేం మిగల్లేదు. "బాగుంది," అంది హెర్లిండా. "చాలా బాగుంది."

"ఆ మాట ముందే చెప్పాల్సింది." తేతా గొంతులో కోపం లేదు. అలసట ఉంది. "చెత్త అన్నావు. కాగితంలో రాశావు. నేను నమ్మాను. సరేలే, నా కోసం వీళ్లంతా చెత్త మానుకున్నారు, అదేమంత గొప్ప అనుకున్నాను. ఎవరికీ సరిగ్గా దండం కూడా పెట్టలేదు. ఇప్పుడు చెబుతున్నావు, మంచిదే మానుకున్నారని. ఇంత మంది, నా కోసం."

  కరపత్రాలకు మంచి వాక్యాలు కావాలి, గట్టి మాటలు కావాలి. ఆ ఒక్క గట్టి మాట కోసం హెర్లిండా ఇన్ని ఇళ్లలోని చిన్న కోరికను చెత్త అని తీసిపారేసింది. తన కోరికను మాత్రం టోపీ కింద దాచుకుని వెళ్లి తీర్చుకుంది.

"శనివారం హాలు దగ్గరికి రావా?" అంది తేతా.

"రమ్మంటే వస్తాను."

"రా. ఈ పిల్లనీ తీసుకురా. అట్ట నేను పట్టుకుంటాను. నువ్వు ఊరికే నిలబడు. ఎవరైనా ఎందుకు నిలబడ్డారని అడిగితే ఈ పిల్లకి వాళ్ల మాట చెప్పు, దాని మాట వాళ్లకి చెప్పు. నీ మాటేదీ కలపకు."

"అలాగే తేతా."

చెలో మరో చేప అందుకుంది.

ఎల్వీరా మోచేత్తో మెల్లగా తట్టింది. వాళ్లిద్దరి మధ్యా ఏం నడిచిందో ఆ పిల్లకి తెలియదు. తనకి రావాల్సింది ఇంకా రాలేదని మాత్రం తెలుసు.

"దోన్యా, చివర చెప్పనేలేదు."

హెర్లిండా చెప్పింది. పిన్ని పడవ దిగి ఇసుకలోకి వచ్చిందని, ముసలి బోటు కాపలావాడి చేతిలో గిటారు చూసి ఆగిపోయిందని, చిన్నప్పుడు తానూ ఇలాగే ఇదే ఒడ్డున గెంతానని గుర్తొచ్చి చెప్పులు విప్పేసిందని, చిప్ పెన్నీ చెయ్యి పట్టుకున్నాడని, తర్వాత అందరూ, పిన్నితో సహా, పొద్దు గూకేదాకా ఇసుక మీద డ్యాన్స్ చేశారని.

"అంతేనా?"

"అంతే."

"అయితే పిన్ని మంచిదేనన్నమాట," అంది ఎల్వీరా తృప్తిగా. "నేను బయటికెళ్తున్నప్పుడు ఆవిడ చాలా చెడ్డదనుకున్నాను. దారంతా అదే బెంగ."

తల వంచి పనిలో పడింది. ఆవిరిలో ఆ పిల్ల చెంపలు ఎర్రగా, చెమటగా ఉన్నాయి. హెర్లిండా పక్కనుంచి ఆ మొహాన్నే చూసింది. పెన్నీ ఏ కాలు ముందు వేసి డ్యాన్స్ మొదలుపెట్టిందో ఆమెకు గుర్తుంది. పిన్ని చెప్పులు ఎటు విసిరిందో గుర్తుంది. టార్చి కుర్రాడు మోచెయ్యి పట్టుకుని నడిపించుకుపోతుంటే ఈ పిల్ల మొహం ఎలా ఉందో గుర్తు తెచ్చుకుందామని చూసింది. గుర్తు రావడానికి ఏమీ లేదు. ఆ సమయంలో ఆమె సినిమా చూస్తోంది.